అణు నిర్మాణాల ఫైళ్ళు: వెతకడం, సరిచూడడం

రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి అణువుతో మొదటి పరిచయం కాగితం మీదే జరుగుతుంది. షడ్భుజి గీసి లోపల మూడు గీతలు పెడితే బెంజీన్. దానికి ఒక కొమ్మ తగిలిస్తే టోలీన్. కాని అణువు కాగితంలాగ బల్లపరుపుగా ఉండదని, దానికి పొడవు, వెడల్పు, లోతు ఉన్నాయని మాస్టార్లు చెబుతూనే ఉంటారు. అది చూపించడానికి లేబొరేటరీ బీరువాలో రంగుబంతులు, పుల్లలు ఉన్న పెట్టె ఒకటి ఉంటుంది. నల్లబంతి కార్బన్, ఎర్రబంతి ఆక్సిజన్, తెల్లబంతి హైడ్రోజన్. తీరా మన బ్యాచి వంతు వచ్చేసరికి తెల్లబంతులు సగం పోయి ఉంటాయి.

ఇప్పుడు ఆ పెట్టె లేకపోయినా ఫరవాలేదు. కోట్ల కొద్దీ సంయోగ పదార్థాల నిర్మాణాలు ఫైళ్ళ రూపంలో ఇంటర్‌నెట్‌లో దొరుకుతున్నాయి. పైసా ఖర్చు లేకుండా దించుకుని, కంప్యూటర్ తెర మీద అటూ ఇటూ తిప్పి చూడవచ్చు, కోణాలు కొలవవచ్చు, లెక్కలు కట్టవచ్చు. అయితే దొరకడం వేరు, సరైనది దొరకడం వేరు. ఈ తేడా తెలియక నేను ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో మూడునెలల పని పోగొట్టుకున్నాను. నా తర్వాత వచ్చేవాళ్ళు అదే గోతిలో పడకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా ప్రాజెక్టు ఏమిటంటే

మెథోట్రెక్సేట్ అనే మందు మన శరీరంలోని డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైములో ఎలా ఇమిడి కూర్చుంటుందో కంప్యూటర్ మీద లెక్కకట్టి చూడడం నా పని. ఈ మందును ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ లేబొరేటరీస్‌లో పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజులలో అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ అణువునే కొద్దిగా మార్చి అమినోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ తయారుచేశారు. అమినోప్టెరిన్ ఇస్తే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలలో కొందరికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావుగారు కన్నుమూసిందీ ఆ సంవత్సరమే. మన జిల్లాలలో పుట్టిన ఒక మనిషి పేరుతో ముడిపడిన అణువు గదా అని సంబరంగా మొదలుపెట్టాను.

ఫోలిక్ ఆమ్లానికీ మెథోట్రెక్సేట్‌కూ ఉన్న తేడా చాలా చిన్నది. ఒకచోట ఆక్సిజన్ బదులు అమైనో సమూహం వచ్చింది, ఇంకొకచోట నైట్రోజన్ మీద ఒక మిథైల్ సమూహం చేరింది. అంతే. ఈ మాత్రం తేడాతోనే శరీరానికి కావలసిన విటమిన్, కణ విభజనను అడ్డుకునే మందుగా మారిపోయింది. అణువులో ఒక్క మూల తేడా వస్తే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ అక్కరలేదు. నేను చేసిన తప్పు కూడా ఒక్క మూలకు సంబంధించినదే. అది చెప్పేముందు అసలు ఈ ఫైలులో ఏముంటుందో చూద్దాం.

ఫైలు లోపల ఏముంది?

ఫైలు అనగానే అదేదో బొమ్మ అనుకునేరు. కాదు. ఉత్త అంకెల పట్టిక. ప్రతి పరమాణువుకూ మూడు నిరూపకాలు ఎక్స్, వై, జెడ్ ఇచ్చి, ఎవరితో ఎవరికి బంధం ఉందో రాసిన జాబితా. అంకెలు ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటాయి. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. బొమ్మ గీసేది మన కంప్యూటర్‌లోని ప్రోగ్రాము.

అన్నిటికన్న తేలికైనది ఎక్స్‌వైజెడ్ ఫైలు. మొదటి వరుసలో పరమాణువుల సంఖ్య, రెండో వరుసలో ఏదైనా వ్యాఖ్య, తర్వాత వరుసకొక పరమాణువు. నీటికైతే మొత్తం అయిదు వరుసలు. బంధాల సంగతి ఇందులో ఉండదు. దూరాలను బట్టి ప్రోగ్రామే ఊహించుకుంటుంది.

ఎక్కువగా వాడేది మోల్ ఫైలు. దీనిలో నాలుగో వరుస కీలకం. అక్కడ ముందు పరమాణువుల సంఖ్య, తర్వాత బంధాల సంఖ్య ఉంటాయి. ఆస్పిరిన్ ఫైలు తెరిస్తే ఆ వరుస 21, 21 అని మొదలవుతుంది. కార్బన్ 9, హైడ్రోజన్ 8, ఆక్సిజన్ 4, కలిపితే 21 పరమాణువులు. బంధాల లెక్క కూడా మనం సరిచూసుకోవచ్చు. పరమాణువుల సంఖ్యలోంచి ఒకటి తీసివేసి, వలయాల సంఖ్య కలపాలి. ఆస్పిరిన్‌లో ఒకటే వలయం కాబట్టి 20కి 1 కలిపితే 21. ద్విబంధమైనా ఇక్కడ ఒక బంధం కిందే లెక్క. ఒక్కొక్క సంఖ్యకు మూడేసి గళ్ళు కేటాయించారు కనుక పాత పద్ధతి మోల్ ఫైలులో 999 పరమాణువులకు మించి పట్టవు. ఇలాంటి మోల్ ఫైళ్ళు ఒకదాని కింద ఒకటి పేర్చి, మధ్య నాలుగు డాలరు గుర్తులు పెడితే అదే ఎస్‌డిఎఫ్ ఫైలు.

ప్రొటీన్లకు వాడేది పిడిబి ఫైలు. దీని వరుసకు 80 గళ్ళు. మన పూర్వ విద్యార్థులలో ఒకప్పుడు చిల్లుల కార్డుల మీద ప్రోగ్రాములు పొడిపించినవారు ఉంటే ఈ 80 ఎక్కడనుంచి వచ్చిందో వారికి చెప్పనక్కరలేదు. చాలా పెద్ద నిర్మాణాలు ఈ గళ్ళలో పట్టవు. అందుచేత 2014 నుంచి ఎంఎంసిఫ్ అనే కొత్త పద్ధతిని ప్రామాణికం చేశారు.

స్ఫటికాలకు సిఫ్ ఫైలు. 1991లో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘం వారు ప్రవేశపెట్టారు. దీనితో జాగ్రత్తగా ఉండాలి. ఇందులో నిరూపకాలు సాధారణంగా ఆంగ్‌స్ట్రామ్‌లలో కాక, యూనిట్ సెల్ భుజాలలో భిన్నాలుగా ఉంటాయి. పైగా సౌష్ఠవం వల్ల తిరిగి వచ్చే భాగాన్ని రాయరు. బెంజీన్ స్ఫటికం ఫైలులో మూడే కార్బన్లు కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందని కంగారుపడకూడదు. మిగిలిన మూడూ సౌష్ఠవంతో పుట్టించుకోవాలి. సోడియం క్లోరైడ్ ఫైలులోనైతే రెండే రెండు పరమాణువులు!

ఎక్కడ వెతకాలి?

ఊళ్ళో నాలుగు కొట్లు ఉంటే ఏ సరుకు ఎక్కడ దొరుకుతుందో తెలిసి వెళ్ళాలి. ఇదీ అంతే.

చిన్న కర్బన అణువులకు మొదట వెళ్ళవలసినది పబ్‌కెమ్. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వారు 2004లో మొదలుపెట్టారు. పదికోట్లకు పైగా పదార్థాలు ఉన్నాయి. ప్రతి పదార్థానికీ ఒక నంబరు ఇస్తారు. ఆస్పిరిన్ 2244, కెఫీన్ 2519, మెథోట్రెక్సేట్ 126941. పేరు కొట్టి, పేజీ తెరిచి, డౌన్‌లోడ్ అన్నచోట నొక్కితే ద్విమితీయం, త్రిమితీయం అని రెండు రకాల ఫైళ్ళు కనిపిస్తాయి. లెక్కలకు కావలసినది రెండోది. అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఈ త్రిమితీయ నిర్మాణం ప్రయోగంలో కొలిచినది కాదు, లెక్క కట్టి తయారుచేసినది. అన్నిటికీ దొరకదు కూడా. హైడ్రోజన్ కాక 50కి మించి పరమాణువులున్నా, మరీ అటూ ఇటూ మెలితిరిగే అణువైనా, లవణమైనా, చాలా లోహాలున్న సంయోగ పదార్థమైనా అక్కడ త్రిమితీయ ఫైలు ఉండదు. ఇనుమున్న ఫెర్రోసీన్‌కు అక్కడ వెతికితే నిరాశే.

లోహ సంక్లిష్టాలు, ఖనిజాలు, కొలిచిన బంధ దూరాలు కావలసినవారు స్ఫటికాల భాండారాలకు వెళ్ళాలి. కేంబ్రిడ్జ్‌లో ఓల్గా కెన్నార్డ్ నాయకత్వాన 1965లో మొదలైన భాండారంలో 2019 నాటికి పది లక్షల నిర్మాణాలు చేరాయి. దానిని పూర్తిగా వాడుకోవాలంటే చందా కట్టాలి గాని, విడివిడిగా ఒక్కొక్క నిర్మాణం ఉచితంగానే అడిగి తీసుకోవచ్చు. 2003లో మొదలైన క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్ మాత్రం ఆసాంతం ఉచితం.

ప్రొటీన్లకు, వాటిలో ఇమిడిన మందులకు ప్రొటీన్ డేటా బ్యాంక్. 1971లో ఏడు నిర్మాణాలతో ప్రారంభమైంది. 2023లో రెండు లక్షలు దాటింది. ఇక్కడ ప్రతి నిర్మాణానికీ నాలుగక్షరాల గుర్తు ఉంటుంది. నాకు పనికివచ్చినది 4డిఎఫ్‌ఆర్: కోలై బాక్టీరియా ఎంజైము, అందులో కూర్చున్న మెథోట్రెక్సేట్.

ఏ పేరుతో అడగాలి?

ఒక మందుకు పదిపేర్లు ఉంటాయి. మెథోట్రెక్సేట్‌కే అమెథోప్టెరిన్ అని పాతపేరు. అందుచేత పేరు ఒక్కటే నమ్ముకోకూడదు. సిఎఎస్ నంబరు ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిది. మెథోట్రెక్సేట్‌కు 59-05-2. ఇందులో చివరి అంకె తప్పులు పట్టుకోవడానికి పెట్టినది. దానిని వదిలి మిగిలిన అంకెలను కుడినుంచి వరసగా 1, 2, 3, 4తో గుణించాలి. అయిదొకట్ల 5, సున్నా, తొమ్మిది మూళ్ళ 27, అయిదు నాలుగుల 20, మొత్తం 52. చివరి అంకె 2, సరిపోయింది. పాత పుస్తకంలోంచి నంబరు ఎత్తి రాసుకునేటప్పుడు అంకె తారుమారైతే ఈ లెక్క చాలావరకు పట్టిస్తుంది.

ఇక స్మైల్స్ అనే పద్ధతి ఉంది. డేవిడ్ వైనింగర్ 1980లలో రూపొందించారు. అణువును ఒకే వరుసలో అక్షరాలతో రాయడం. ఇథనాల్ అయితే సిసిఓ, అంతే. హైడ్రోజన్లు ఎవరికి వారు పూరించుకోవాలి. అసౌష్ఠవ కార్బన్ ఉన్నచోట ఈ-మెయిల్ చిరునామాలో వాడే అట్ గుర్తు పెడతారు. అది ఒకటా, రెండా అన్నదాన్ని బట్టి కుడి ఎడమలు తేలతాయి. అసలు ఆ గుర్తే లేకపోతే, రాసినవారు కుడి ఎడమల సంగతి చెప్పలేదన్నమాట.

మూడోది ఇన్‌చి కీ. గీతలతో కలిపి 27 అక్షరాలు, మూడు భాగాలు. మొదటి 14 అక్షరాలు ఎవరికి ఎవరితో బంధం ఉందో చెబుతాయి. కుడి ఎడమల సంగతి రెండోభాగంలో ఉంటుంది. ఆ భాగం యు, హెచ్, ఎఫ్, ఎఫ్, ఎఫ్ అని మొదలైతే కుడి ఎడమల సమాచారం లేదని అర్థం. ఆస్పిరిన్‌కు అలా ఉండడం సహజమే, దానికి అసౌష్ఠవ కార్బన్ లేదు. మెథోట్రెక్సేట్‌కు అలా కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి.

నా తప్పు

నేను ఆగలేదు. మెథోట్రెక్సేట్ అని కొట్టగానే ఎక్కడో ఒకచోట ఒక మోల్ ఫైలు దొరికింది. ఇన్‌చి కీలో మొదటి 14 అక్షరాలు పుస్తకంలో ఉన్నవాటితో సరిపోయాయి. 'ఇంకేముందిలే' అనుకున్నాను. ఆ ఫైలు ద్విమితీయం. అందులో జెడ్ నిరూపకాలన్నీ సున్నాలే. దానిని త్రిమితీయంగా మార్చే ప్రోగ్రాముకు ఇస్తే అది క్షణంలో మార్చి ఇచ్చింది. తెర మీద చక్కగా కనబడింది. దాని మీదే మూడునెలలు లెక్కలు చేశాను, పట్టికలు వేశాను, గ్రాఫులు గీశాను.

ప్రాజెక్టు సమర్పించడానికి నెలరోజుల ముందు మా మాస్టారు అవి చూస్తూ అడిగారు:

"ఏమోయ్, మెథోట్రెక్సేట్ తోకలో ఉన్నది ఏ ఆమ్లం?"

"గ్లుటామిక్ ఆమ్లమండి."

"ఎల్లా, డీయా?"

"ఎల్ అండి. పుస్తకంలో అలాగే ఉంది."

"పుస్తకంలో సరేనయ్యా. నీ ఫైలులో?"

నోట మాట రాలేదు. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఆ అసౌష్ఠవ కార్బన్‌ను తెర మధ్యకు తెచ్చి, దాని హైడ్రోజన్ మనకు వెనుకవైపు పోయేటట్లు తిప్పారు. నైట్రోజన్ నుంచి ఆమ్లపు కార్బన్‌కు, అక్కడినుంచి పక్క కార్బన్‌కు వేలు తిప్పమన్నారు. ఎల్ రూపంలో అయితే వేలు గడియారపు ముళ్ళకు ఎదురుదిశలో తిరగాలి. నాది ముళ్ళతోపాటే తిరిగింది. నేను మూడునెలలు లెక్కకట్టినది మందును కాదు, దాని దర్పణ ప్రతిబింబాన్ని.

ఎందుకిలా జరిగింది? నేను దించిన బొమ్మలో ఆ కార్బన్ దగ్గర ముందుకు, వెనక్కు చూపే గుర్తులు గీయలేదు. గుర్తు లేనప్పుడు త్రిమితీయంగా మార్చే ప్రోగ్రాము ఏదో ఒకటి ఎంచుకుంటుంది. అది మన తప్పు పట్టదు, హెచ్చరించదు. అడిగినదానికి జవాబు ఇచ్చి ఊరుకుంటుంది. కీలో రెండోభాగం చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

మాస్టారు కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. "ఇది నీ తప్పు కాదు అనను. కాని ఇది నీ ఒక్కడి తప్పూ కాదు. నీకు ఫైలు తెరవడం నేర్పాం, ఫైలు చదవడం నేర్పలేదు" అన్నారు. ఆ మాట నాకింకా గుర్తుంది.

సరిచూసుకునే పద్ధతి

ఆ మిగిలిన నెలలో మొదటినుంచి మళ్ళీ చేశాను. అప్పుడు నేర్చుకున్న అలవాట్లు ఇవి.

ఒకటి: లెక్కపెట్టడం. మెథోట్రెక్సేట్‌లో కార్బన్ 20, హైడ్రోజన్ 22, నైట్రోజన్ 8, ఆక్సిజన్ 5. మొత్తం 55. వలయాలు మూడు కాబట్టి బంధాలు 57. ఫైలు నాలుగో వరుసలో ఈ రెండు సంఖ్యలూ ఉండాలి.

రెండు: జెడ్ వరుస చూడడం. అన్నీ సున్నాలైతే అది కాగితపు బొమ్మ. లెక్కలకు పనికిరాదు.

మూడు: ప్రతి అసౌష్ఠవ కార్బన్ దగ్గరా కుడి ఎడమలు స్వయంగా తిప్పి చూడడం, ఇన్‌చి కీ మొత్తం 27 అక్షరాలు పోల్చడం.

నాలుగు: హైడ్రోజన్ల సంగతి. 4డిఎఫ్‌ఆర్ ఫైలులో మెథోట్రెక్సేట్‌కు లెక్కపెడితే 33 పరమాణువులే ఉంటాయి. 55లో 22 ఏమయ్యాయి? అవి హైడ్రోజన్లు. ఎక్స్-కిరణాలు చెదిరేది ఎలక్ట్రాన్ల వల్ల. హైడ్రోజన్ దగ్గర ఉన్నది ఒకే ఎలక్ట్రాన్. అందుచేత ప్రొటీన్ స్ఫటికాలలో మామూలుగా హైడ్రోజన్ కనిపించదు. మనమే చేర్చుకోవాలి. ఆ ఫైలులో ఎంజైము రెండు ప్రతులు ఉన్నాయి కనుక మెథోట్రెక్సేట్ కూడా రెండుసార్లు వస్తుంది. ఒకటి ఉంచుకుని ఒకటి తీసివేయాలి.

అయిదు: విద్యుదావేశం. సీసాలో ఉన్న రూపమే ఎంజైములోనూ ఉంటుందనుకోకూడదు. నీటిలో తోక చివరి రెండు ఆమ్ల సమూహాలూ ప్రోటాన్లు వదిలేస్తాయి. ఎంజైములో కూర్చున్నప్పుడు ప్టెరిడీన్ వలయంలోని ఒక నైట్రోజన్ ప్రోటాన్‌ను పుచ్చుకుంటుంది. హైడ్రోజన్లు చేర్చే ప్రోగ్రాముకు ఇది మనం చెప్పాలి.

ఆరు: పోలిక మీద ఊహించకపోవడం. ఫోలిక్ ఆమ్లానికి ఇంత దగ్గరి బంధువు కనుక మెథోట్రెక్సేట్ కూడా ఎంజైములో అలాగే కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. స్ఫటికాలు చూస్తే దాని ప్టెరిడీన్ వలయం తిరగబడి ఉంది! ఊహతో మొదలుపెట్టి ఉంటే రెండో తప్పు కూడా జరిగేది.

ఏడు: నోటు పుస్తకంలో రాసుకోవడం. ఏ భాండారం, ఏ నంబరు, ఏ తేదీ, ఏ రకం ఫైలు, ఏ ప్రోగ్రాముతో మార్చాం. లేబొరేటరీలో సీసా మీద చీటీ అంటించకుండా ఎవరైనా ఉంచుతారా? ఫైలుకూ చీటీ ఉండాలి.

చూడడానికి అవొగాడ్రో, జెమోల్ వంటి ప్రోగ్రాములు, ఒక రకం ఫైలును మరో రకంగా మార్చడానికి ఓపెన్ బేబెల్ ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటర్ లేనివారు సెల్‌ఫోన్‌లోనే ఆ భాండారాల పేజీలు తెరిచి, వేలితో అణువును తిప్పి చూడవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారు మెథోట్రెక్సేట్ జోలికి పోకుండా, ముందు ఇథనాల్ దించి, దాని తొమ్మిది పరమాణువులూ ఎనిమిది బంధాలూ ఫైలులో వేలు పెట్టి లెక్కపెట్టండి. తర్వాత లాక్టిక్ ఆమ్లం రెండు రూపాలూ దించి, పక్కపక్కన పెట్టి, ఏది ఎల్, ఏది డి అన్నది పేరు చూడకుండా తేల్చండి. ఒక సాయంత్రం చాలు.

రెండోసారి చేసిన లెక్కలో నా అణువు స్ఫటికంలో కనిపించిన చోటుకు దాదాపు వచ్చి కూర్చుంది. ప్రాజెక్టు గట్టెక్కింది. కాని పనికిరాని ఆ మూడునెలల పట్టికలను నేను పారవేయలేదు, ప్రాజెక్టు పుస్తకం చివర అనుబంధంగా పెట్టాను. పెట్టమన్నది మాస్టారే. "తప్పు ఎలా జరిగిందో రాస్తే అదీ ఫలితమే" అన్నారు. డిపార్టుమెంటు లైబ్రరీలో ఆ ప్రతి ఉంది. ఈ ఏడు ప్రాజెక్టు మొదలుపెట్టే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఫైలు దించేముందు ఒకసారి ఆ అనుబంధం తిరగవేసి చూడవలసిందిగా నా మనవి.